కెన్ మైల్స్: పాత మస్టాంగ్‌కు మలుపు తిరగడం నేర్పిన మెకానిక్

అమెరికాలో 1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఒకటి షెడ్డులో ఉండి, దాన్ని ఆటోక్రాస్ పోటీకి తీసుకెళ్లాలనుకునేవారు చాలామంది ఇంజిన్ జోలికి వెళ్లకముందే ఒక పని చేస్తారు. కారును జాకీల మీద నిలబెట్టి, ముందు చక్రాలు ఊడదీసి, పై కంట్రోల్ ఆర్మ్‌ను బాడీకి పట్టి ఉంచే బోల్టులు విప్పుతారు. ఆ రంధ్రాలకు ఒక అంగుళం కింద, ఒక్కో వైపు రెండు చొప్పున, కొత్త రంధ్రాలు వేస్తారు. అదే ఆర్మ్‌ను అవే బోల్టులతో కొత్త రంధ్రాల్లో బిగిస్తారు. దీనికయ్యే ఖర్చు దాదాపు డ్రిల్ బిట్ ధరే. కానీ ఆ తర్వాత కారు మలుపు తిరిగే తీరే మారిపోతుంది.

ఈ పనికి షెల్బీ డ్రాప్ అని పేరు. కారోల్ షెల్బీ కంపెనీ తయారుచేసిన జీటీ350 కార్లలో ఇది మొదట వచ్చింది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. అయితే ఆ అంగుళం లెక్క కట్టినవాడు ఫోర్డ్ ఇంజినీరు క్లాస్ ఆర్నింగ్. దాన్ని ఎడారి అంచునున్న ట్రాకు మీద కారులో పెట్టి, గంటల తరబడి తిప్పి చూసి పనికొస్తుందని తేల్చినవారిలో ముఖ్యుడు కెన్ మైల్స్. 2019లో వచ్చిన 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ' సినిమాలో క్రిస్టియన్ బేల్ వేసిన పాత్ర ఆయనదే. ఆ సినిమా చూసినవారికి లె మాన్ రేసులో ఆయనకు జరిగిన అన్యాయం తెలుసు. మస్టాంగ్ మీద ఆయన చేసిన పనికి మాత్రం తెర మీద పెద్దగా చోటు దొరకలేదు. ఇప్పటికీ మామూలు మనుషుల చేతుల్లో బతికి ఉన్నది మాత్రం ఆ పనే.

ఆటోక్రాస్ అంటే ఏమిటో ఒక మాట చెప్పుకోవాలి. మన దేశంలో ఆ పేరుతో జరిగేవి ఎక్కువగా మట్టి నేల మీది పోటీలు. అమెరికాలో మాత్రం ఖాళీ పార్కింగ్ స్థలంలోనో, పాత విమానాశ్రయం రన్‌వే మీదో ప్లాస్టిక్ కోన్లు పేర్చి వంకర టింకర దారి గీస్తారు. ఒకసారికి ఒకే కారు వెళుతుంది. పోటీ పక్కవాడితో కాదు, గడియారంతో. పరుగు నిమిషం అటూ ఇటూగా ముగిసిపోతుంది. కోన్‌ను తాకితే 2 సెకన్ల జరిమానా. వేగం హైవే మీద వెళ్లేంత వేగాన్ని మించడం అరుదు కాబట్టి ఇంటి కారుతోనే పాల్గొనవచ్చు. ఇలాంటి చోట 300 గుర్రాల బలం కంటే నాలుగు టైర్లు నేలను ఎంత గట్టిగా పట్టుకున్నాయన్నదే ముఖ్యం. నేరుగా దూసుకుపోవడానికే పుట్టాయని పేరుపడ్డ పాత అమెరికన్ మజిల్ కార్లకు చెమటలు పట్టేది అక్కడే. (మస్టాంగ్‌ను పోనీ కారు అనాలి, మజిల్ కారు అనకూడదని వాదించేవారున్నారు. ఆ వాదన సాయంత్రం కబుర్లకు బాగుంటుంది. పోటీలు నిర్వహించే స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా మాత్రం క్లాసిక్ అమెరికన్ మజిల్ అన్న తరగతిలోనే దాన్ని చేర్చుకుంటుంది.)

బర్మింగ్‌హామ్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు

కెన్ మైల్స్ 1918 నవంబర్ 1న ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ పక్కనున్న సటన్ కోల్డ్‌ఫీల్డ్‌లో పుట్టారు. కుర్రతనంలోనే ఇంట్లోంచి అమెరికాకు పారిపోవాలని ప్రయత్నించి విఫలమయ్యారు. 15 ఏళ్లకు చదువు వదిలేసి వోల్స్‌లీ మోటార్స్‌లో అప్రెంటిస్‌గా చేరారు. కార్ల గురించి ఆయన నేర్చుకున్నది పుస్తకాల్లోంచి కాదు, చేతికంటిన గ్రీజులోంచి. యుద్ధానికి ముందు మోటారు సైకిళ్ల పోటీల్లో పాల్గొన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో ట్యాంకులతో పనిచేశారు. 1944లో నార్మండీ నేల మీద అడుగుపెట్టిన సేనల్లో ఆయన కూడా ఉన్నారు.

యుద్ధం ముగిశాక ఇంగ్లండ్‌లో పాత కార్ల పోటీల్లో బుగాటీలు, ఆల్ఫా రోమియోలు నడిపారు. ఆ రోజుల్లో ఆయన చేతిలోకి వచ్చిన ఒక కారు గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అది ఫ్రేజర్ నాష్ అనే తేలికైన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. అందులో ఉన్నది మాత్రం ఫోర్డ్ వీ8 ఇంజిన్. చిన్న బ్రిటిష్ బాడీలో పెద్ద అమెరికన్ ఇంజిన్ పెట్టాలన్న ఆలోచనతోనే పదిహేనేళ్ల తర్వాత కారోల్ షెల్బీ కోబ్రాను తయారుచేసి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. మైల్స్‌కు ఆ రుచి అప్పటికే తెలుసు.

1952 నాటికి మైల్స్ భార్య, కుమారుడితో దక్షిణ కాలిఫోర్నియా చేరుకున్నారు. ఉద్యోగం ఎంజీ కార్ల పంపిణీదారు గఫ్ ఇండస్ట్రీస్‌లో సర్వీస్ మేనేజర్. అమెరికా అప్పుడే బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల మోజులో పడుతోంది. వారాంతాల్లో డాక్టర్లు, ఇంజినీర్లు, సినిమా నటులు తమ సొంత కార్లతో పోటీలకు వచ్చేవారు. సరైన ట్రాకులు ఇంకా లేవు. సైనిక విమాన స్థావరాల రన్‌వేలు, ఊరి బయటి రోడ్లే మైదానాలు. యుద్ధకాలపు ఎయిర్‌స్ట్రిప్ మీద కార్లు, మోటారు సైకిళ్లు పరుగెత్తిన షోలవరం రోజులు గుర్తున్న మద్రాసు పాఠకులకు ఆ వాతావరణం కొత్తగా అనిపించదు.

ఆ పోటీల్లో మైల్స్ తనదైన దారి పట్టారు. డబ్బున్నవారు ఇటలీ నుంచి కార్లు తెప్పించుకుంటే, ఆయన ఎంజీ విడిభాగాలతో సొంతంగా కారు కట్టారు. ఆర్1 అని పిలిచిన ఆ కారుతో 1953లో వరుసగా 14 రేసులు గెలిచారు. 1955లో దాని తమ్ముడు ఆర్2 వచ్చింది. నేలకు అతుక్కున్నట్టు పల్చగా ఉండడంతో జనం దానికి ఎగిరే పెంకు అన్న అర్థం వచ్చే ముద్దుపేరు పెట్టారు. అదే ఏడాది మార్చిలో పామ్ స్ప్రింగ్స్ పోటీలో, 1500 సీసీ లోపు తరగతిలో మైల్స్ ముందు వరసలో ముగించారు. తర్వాత మడ్‌గార్డుల వెడల్పు నిబంధనకు మించి ఉందని నిర్వాహకులు ఆయన్ను అనర్హుడిగా ప్రకటించారు. దానివల్ల ఒక మెట్టు పైకెక్కి రెండో స్థానం అందుకున్న యువకుడి పేరు జేమ్స్ డీన్. హాలీవుడ్ నటుడు. అదే ఏడాది సెప్టెంబరులో కారు ప్రమాదంలో చనిపోయాడు.

మైల్స్ జీవితంలో నిబంధన పుస్తకం అడ్డుపడిన మొదటి పెద్ద సందర్భం బహుశా అదే. చివరిది కాదు.

1956లో ఆయన ఇంకో వింత చేశారు. ఇంగ్లండ్‌లో తయారైన కూపర్ బాడీలో జర్మన్ పోర్షే ఇంజిన్ అమర్చారు. రెండు పేర్లూ కలిపి జనం దాన్ని పూపర్ అన్నారు. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పోర్షేలనే ఓడించడం మొదలుపెట్టింది. 1961లో యూఎస్ ఆటో క్లబ్ రోడ్ రేసింగ్ చాంపియన్‌షిప్ కూడా గెలిచారు. ఇన్ని గెలిచినా చేతిలో డబ్బు నిలవలేదు. సొంతంగా పెట్టుకున్న ట్యూనింగ్ షాపు నడవలేదు. మనిషి స్వభావం కూడా అందరికీ నచ్చేది కాదు. నోటి పక్క నుంచి మాట్లాడే అలవాటు వల్ల ఒక వెక్కిరింపు పేరు, టీ తాగే అలవాటు వల్ల ఇంకొకటి మోశారు. కారులో లోపముంటే దాని యజమాని ఎంత పెద్దవాడైనా మొహం మీదే చెప్పేసేవారు. 1963లో షెల్బీ కంపెనీలో చేరేనాటికి ఆయన వయసు 44. చాలామంది డ్రైవర్లు ఇక చాలనుకునే వయసు అది.

గుమస్తాల కారు

మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో విడుదలైంది. మొదటి రోజే 22 వేలకు పైగా ఆర్డర్లు వచ్చాయి. పైకి చూస్తే స్పోర్ట్స్ కారు. కింద ఉన్నది మాత్రం ఫోర్డ్ ఫాల్కన్ అనే చవకైన కుటుంబ కారు అస్థిపంజరం. వెనుక లారీలకు ఉన్నట్టు కమాను కట్టలు, వాటి మీద ఒకే కడ్డీలాంటి ఇరుసు. చాలా కార్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. స్టీరింగ్ ఎంత తిప్పినా కొంచెమే తిరిగేది. అమ్మకాలు ఆకాశాన్నంటుతున్నా దానికి రేసింగ్ పరువు లేదన్నది ఫోర్డ్ అధికారి లీ అయకోకా బెంగ. ఆ పని షెల్బీకి అప్పగించారు. షెల్బీకి ఆ కారు మీద పెద్ద అభిప్రాయం లేదు. ఆఫీసులో టైపు కొట్టే అమ్మాయిల కారుగానే దాన్ని చూశాడు.

ఇక్కడ నిబంధనల సంగతి ఆసక్తికరం. మస్టాంగ్ స్పోర్ట్స్ కార్ల తరగతిలో పోటీ చేయాలంటే రెండు సీట్లే ఉండాలి, కనీసం 100 కార్లు తయారుకావాలి. పోటీ కారులో వీధి కారుకు భిన్నంగా ఇంజిన్‌నైనా మార్చుకోవచ్చు, సస్పెన్షన్‌నైనా మార్చుకోవచ్చు. రెండూ మార్చడానికి వీల్లేదు. షెల్బీ బృందం దీనికి తెలివైన దారి వెతికింది. వీధిలో అమ్మే కారుకే రేసు సస్పెన్షన్ పెట్టేస్తే, పోటీ కారులో ఇంజిన్ మార్చుకునే హక్కు మిగులుతుంది. అంటే మామూలు కొనుగోలుదారుడు షోరూములో కొనే కారు కింద భాగం రేసు కారుదే అయి ఉండాలి. మడ్‌గార్డు వెడల్పు దగ్గర ఓడిపోయిన మైల్స్‌కు, నిబంధనను ముందే చదివి దాని చుట్టూ కారును కట్టే అవకాశం ఈసారి దొరికింది.

1964లో మైల్స్, మరో డ్రైవర్ బాబ్ బాండ్యురాంట్ మస్టాంగ్‌లను మొహావీ ఎడారి అంచున ఉన్న విల్లో స్ప్రింగ్స్ ట్రాకుకు తీసుకెళ్లారు. స్ప్రింగులు మార్చడం, తిప్పడం, దిగి చూడడం. యాంటీ రోల్ బార్ మార్చడం, మళ్లీ తిప్పడం. మైల్స్ ప్రత్యేకత ఇక్కడే ఉంది. వేగంగా నడిపేవారు ఆ రోజుల్లో చాలామంది ఉన్నారు. కారు ఎందుకు జారిందో, ఏ చక్రం ముందు పట్టు వదిలిందో, ఏ బోల్టు దగ్గర మార్పు చేస్తే అది ఆగుతుందో దిగగానే చెప్పగలిగి, ఆ తర్వాత పానా పట్టుకుని తానే చేయగలిగినవారు చాలా తక్కువ.

ఆ ఒక్క అంగుళం ఏం చేస్తుంది? ఘాట్ రోడ్డు మలుపులో ఆర్టీసీ బస్సులో కూర్చున్నవారు బయటివైపుకు ఒరిగినట్టే, మలుపులో కారు బాడీ కూడా బయటికి ఒరుగుతుంది. అసలు మస్టాంగ్‌లో బాడీతో పాటు బయటివైపు ముందు చక్రం కూడా బయటికి వాలిపోయేది. బరువంతా ఆ చక్రం మీదే పడే సమయంలో టైరు అంచు మీద నిలబడేది. మిగతా రబ్బరు నేలను వదిలేసేది. డ్రైవర్ స్టీరింగ్ ఎంత తిప్పినా కారు మలుపు బయటికే జారేది. పై ఆర్మ్ లోపలి కొసను ఒక అంగుళం కిందికి దించితే ఆర్మ్ వాలు మారుతుంది. చక్రం పైకి లేచినకొద్దీ ఆర్మ్ దాని పైభాగాన్ని లోపలికి లాగుతుంది. బాడీ ఒరిగినా టైరు నేల మీద నిటారుగా ఉంటుంది. ఒరగడం కూడా కొంత తగ్గుతుంది. ఈ కారులో స్ప్రింగు ఆ పై ఆర్మ్ మీదే కూర్చుంటుంది కాబట్టి ముందు భాగం కాస్త కిందికి దిగి, బరువు నేలకు దగ్గరవుతుంది. కొత్త భాగం ఒక్కటీ కొనకుండా, ఒక్క గ్రాము బరువు పెరగకుండా ఇన్ని లాభాలు.

మిగతా మార్పులూ ఇదే తరహావి. ముందు ఒక అంగుళం మందం యాంటీ రోల్ బార్. కోనీ షాక్ అబ్జార్బర్లు. స్టీరింగ్ తొందరగా స్పందించేలా పొడవాటి ఆర్మ్‌లు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనుక పెద్ద కార్ల నుంచి తెచ్చిన వెడల్పాటి డ్రమ్ములు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు కమాను కట్టలు మెలితిరిగి ఇరుసు గంతులు వేయకుండా అదనపు కడ్డీలు. ఇంజిన్ గదిలో రెండు షాక్ టవర్లనూ ఒకదానికొకటి, వెనుక గోడకూ కట్టిపడేసే ఉక్కు బందాలు. ఫైబర్ గ్లాస్ బానెట్. వెనుక సీటు తీసేసి దాని స్థానంలో స్టెప్నీ పెట్టారు, రెండు సీట్ల నిబంధన తీరింది. తొలి కార్లలో బ్యాటరీని కూడా డిక్కీలోకి పంపారు. బరువు ముందు నుంచి వెనక్కి వెళ్లాలి కదా. ఇంజిన్‌కు పెద్ద కార్బురేటర్, కొత్త ఎగ్జాస్ట్ పైపులు తగిలించడంతో 271 హార్స్‌పవర్ 306 అయింది. పేరు కోసం పెద్ద చర్చ జరుగుతుంటే విసిగిన షెల్బీ, రెండు భవనాల మధ్య ఎన్ని అడుగులున్నాయో నడిచి చూసి రమ్మన్నాడని, వచ్చిన సమాధానం 350 అని, అలా జీటీ350 అయిందని కథ.

1965 ఫిబ్రవరి 14న టెక్సస్‌లోని గ్రీన్ వ్యాలీ ట్రాకులో ఆ కారు తొలిసారి పోటీకి దిగింది. నడిపింది మైల్స్. గెలిచింది కూడా. ట్రాకులోని ఎత్తు మీద నుంచి దూకుతూ చక్రాలు గాల్లో ఉన్న ఆ కారు ఫొటో మస్టాంగ్ అభిమానుల గోడల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. సరిగ్గా రెండు వారాల తర్వాత, ఫిబ్రవరి 28న, డేటోనాలో 2,000 కిలోమీటర్ల రేసులో లాయిడ్ రూబీతో కలిసి మైల్స్ ఫోర్డ్ జీటీ40కి మొట్టమొదటి విజయం తెచ్చిపెట్టారు. అంతకుముందు వరుసగా విఫలమవుతున్న ఆ కారును షెల్బీ బృందం చేతిలో పెట్టి అప్పటికి కొద్ది నెలలే అయింది. ఒక చేత్తో గుమస్తాల కారు, మరో చేత్తో ఫెరారీని కొట్టాల్సిన కారు. రెండింటినీ ఒకే మనిషి ఒకే పద్ధతిలో సరిచేశారు.

1965లో 562 జీటీ350లు తయారయ్యాయి. వాటిలో పోటీల కోసమే కట్టినవి మూడు డజన్ల లోపే. ఆ తరగతి జాతీయ టైటిల్ 1965, 1966, 1967లో వరుసగా ఈ కార్లకే దక్కింది. అయితే మామూలు కొనుగోలుదారులకు రేసు సస్పెన్షన్ అంతగా నచ్చలేదు. చప్పుడు ఎక్కువ, కుదుపు ఎక్కువ, వెనుక సీటు లేదు. అమ్మకాలు పెంచడానికి 1966 నుంచి ఒక్కొక్కటిగా మెత్తబరిచారు. వెనుక సీటు తిరిగొచ్చింది. ఖర్చు తగ్గించుకునే క్రమంలో ఆ అంగుళం కూడా పోయింది. అదే ఏడాది హెర్ట్జ్ అద్దె కార్ల కంపెనీకి దాదాపు వెయ్యి జీటీ350లు అమ్మారు. శనివారం అద్దెకు తీసుకుని, ఆదివారం ట్రాకు మీద పరుగెత్తించి, సోమవారం ఏమీ ఎరగనట్టు తిరిగిచ్చేసినవారి కథలు అమెరికాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

1966

ఆ ఏడాది గురించి సినిమా చాలానే చెప్పింది కాబట్టి ఇక్కడ క్లుప్తంగా. ఫిబ్రవరిలో డేటోనా 24 గంటల రేసు, మార్చిలో సెబ్రింగ్ 12 గంటల రేసు మైల్స్, రూబీ జంట గెలిచింది. సెబ్రింగ్‌లో చివరి ల్యాపులో ముందున్న డాన్ గర్నీ ఇంజిన్ చెడిపోయి ఆ విజయం చేతికొచ్చిందన్నది కూడా నిజమే. అదృష్టం ఆయనకు ఎప్పుడూ ఎదురుతిరగలేదు. జూన్‌లో లె మాన్‌లో డెన్నీ హల్మ్‌తో కలిసి నడిపారు. అక్కడా గెలిస్తే ఒకే ఏడాది మూడూ గెలిచిన తొలి డ్రైవర్ అయ్యేవారు. మొదటి మూడు స్థానాల్లో మూడు ఫోర్డ్ కార్లే ఉండడంతో అన్నీ కలిసి గీత దాటితే ఫొటో బాగుంటుందని కంపెనీ పెద్దలు అనుకున్నారు. ముందున్న మైల్స్ వేగం తగ్గించారు. సమానంగా ముగిస్తే, ప్రారంభంలో వెనుక నిలబడ్డ కారు ఎక్కువ దూరం నడిచినట్టు లెక్క అని నిర్వాహకులు తేల్చారు. బ్రూస్ మెక్‌లారెన్, క్రిస్ ఏమన్‌ల కారు స్టార్టులో సుమారు 20 మీటర్లు వెనుక ఉంది. గెలుపు వారిదైంది. 24 గంటల రేసులో 20 మీటర్లు.

ఈ అన్యాయం గురించి చాలా రాశారు. అందులో కంపెనీ కుట్ర ఎంత, నిబంధన ఎంత అన్న వాదన ఎటూ తేలేది కాదు. కంపెనీకి ఆ రోజు కావలసింది ఫొటో. ఏ డ్రైవర్ మొదటివాడన్నది దానికి రెండో విషయం. జీటీ350 సస్పెన్షన్‌కు షెల్బీ పేరు అతుక్కుపోయినట్టే ఇక్కడా జరిగింది. పని చేసినవారి పేరు కంటే, డబ్బు పెట్టి బోర్డు తగిలించినవారి పేరే ముందుంటుంది. మైల్స్ మళ్లీ టెస్టింగ్ పనిలో పడ్డారు.

1966 ఆగస్టు 17న కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ ట్రాకులో జె-కార్ అనే కొత్త నమూనాను పరీక్షిస్తున్నారు. తేనెపట్టులాంటి అల్యూమినియం పలకలతో తేలికగా కట్టిన కారు అది. రోజంతా తిప్పాక, పొడవాటి దిగువ దారి చివర బ్రేకు వేయాల్సిన చోట కారు అదుపు తప్పింది. పల్టీలు కొట్టి, ముక్కలై, మంటలంటుకుంది. బయటికి విసిరివేయబడ్డ మైల్స్ అక్కడికక్కడే మరణించారు. వయసు 47. ప్రమాదానికి కారణం ఇదీ అని చివరికీ ఖాయంగా తేలలేదు. ఫోర్డ్ ఆ నమూనా ఆకారాన్ని మార్చి, లోపల బలమైన ఉక్కు పంజరం అమర్చింది. మార్క్ 4 పేరుతో 1967లో లె మాన్ గెలిచింది ఆ కారే. అదే రేసులో మారియో ఆండ్రెట్టి నడిపిన మార్క్ 4 ఘోరంగా గుద్దుకున్నా, అతను ప్రాణాలతో బయటపడ్డాడు. మైల్స్‌ను అమెరికా మోటార్‌స్పోర్ట్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నది 2001లో, చనిపోయిన 35 ఏళ్లకు.

షెడ్డుల్లో మిగిలింది

గ్రీన్ వ్యాలీలో ఎగిరిన ఆ జీటీ350 2020లో వేలానికి వచ్చి 35 లక్షల డాలర్లకు పైగా పలికింది. అలాంటి కారును ఇక ఎవరూ కోన్ల మధ్య తిప్పరు. మైల్స్ పద్ధతి బతికున్నది మామూలు మస్టాంగ్‌లలో, ఆరు సిలిండర్ల బేరం కార్లలో, వాటిని బాగుచేసుకునే మనుషుల్లో.

ఈ రోజు ఆటోక్రాస్ కోసం అలాంటి కారును సిద్ధం చేసేవారి వరస చూస్తే ఆయన పాఠం అర్థమవుతుంది. ముందు తుప్పు చూస్తారు. అరవై ఏళ్ల కారులో షాక్ టవర్లు చిట్లి ఉంటాయి, బరువుకు లోపలికి వాలి ఉంటాయి. టింకరింగ్ చేయించి, వెల్డింగ్ పెట్టి, వాటిని సరైన దూరంలో నిలబెట్టకుండా మిగతా ఏం చేసినా దండగే. తర్వాత అరిగిన బుష్‌లు, బాల్ జాయింట్లు, స్టీరింగ్ లింకులు మారుస్తారు. ముందు డిస్క్ బ్రేకులు. అప్పుడు షెల్బీ డ్రాప్. ఆ తర్వాత లావు యాంటీ రోల్ బార్, మంచి షాక్ అబ్జార్బర్లు, టవర్లను కట్టే బందాలు, బ్యాటరీ డిక్కీలోకి. నిబంధనలు అనుమతించే వాటిలో బాగా అతుక్కునే టైర్లు. హార్స్‌పవర్ కోసం డబ్బు మిగిలితే అది ఆఖర్న. చాలామంది కొత్తవారు ఈ వరసను తలకిందులు చేస్తారు. ముందు ఇంజిన్ మీద వేల డాలర్లు కుమ్మరించి, మొదటి మలుపులోనే మూడు కోన్లు పడగొట్టి, ఆరు సెకన్లు జరిమానా కట్టి తిరిగొస్తారు.

మన దేశంలో ఇలాంటి పనికి చట్టం అంత తేలిగ్గా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. రోడ్డు మీద తిరిగే కారు, పోటీకి వెళ్లే కారు ఒకటే అయిన అమెరికన్ వారాంతపు సంస్కృతి ఇక్కడ వేళ్లూనుకోకపోవడానికి డబ్బుతో పాటు అదీ ఒక కారణం. రోడ్డు భద్రత దృష్టితో చూస్తే ఆ నిబంధనకు అర్థముంది. కానీ సొంత కారు కింద పడుకుని నేర్చుకునే మైల్స్ లాంటివారు తయారయ్యే దారి ఇరుకవుతుందన్నదీ కాదనలేం.

రంధ్రాలు వేయడానికి కాగితం నమూనాలు, లోహపు టెంప్లేట్లు కొన్ని డాలర్లకు దొరుకుతాయి. అంగుళం కంటే ఎక్కువ దించితే లాభం ఇంకా పెరుగుతుందనుకుని అత్యాశకు పోయేవారికి బాల్ జాయింట్ అడ్డుపడుతుంది. దాని వంపు హద్దు దాటి పట్టేస్తుంది. అప్పుడు దాని కోణం మార్చే ప్రత్యేక ముక్క కొనాలి. ఒక అంగుళం దగ్గర ఆగితే ఏమీ కొనక్కర్లేదు. బోల్టులు బిగించాక వీల్ అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి, పాత కొలతలు ఇక పనికిరావు. పాత రంధ్రాలను కొందరు వెల్డింగ్‌తో పూడుస్తారు, ఎక్కువమంది అలాగే వదిలేస్తారు. బానెట్ ఎత్తి, షాక్ టవర్ పక్కన తొంగి చూస్తే, బోల్టు తలకు అంగుళం పైన ఖాళీ రంధ్రం కనిపిస్తుంది.